మధ్యలో పాడే మనిషి

పదింటికల్లా వచ్చి కూర్చోమన్నాడు సుబ్బరామయ్య. తను పదకొండుకి వస్తానన్నాడు. ఆయన పదకొండంటే పదకొండే, నిర్మాతల్లో అదో వింత, కాబట్టి నా చేతిలో గంట ఉంది, ఈ గంటలో తేల్చుకోవలసినవి రెండున్నాయి. ఒకటి, ఇంట్లో పాటలు వినడానికి హెడ్‌ఫోన్లు కావాలా స్పీకర్లు కావాలా అన్నది. రెండోది, నా శిష్యుడు వెంకటరామయ్య రేపటినుంచి ఫిల్మ్ నగర్‌లో తలెత్తుకు తిరుగుతాడా లేదా అన్నది. మొదటిదానికోసమే నన్నూ నా భార్య కౌసల్యనీ కారులో ఇక్కడికి పంపించారు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటాక కొత్తగా తెరిచిన షాపు ఇది, పై అంతస్తులో పాటలు వినిపించడానికే ఒక గది కట్టారు, గోడలనిండా తివాచీలు, కిటికీ లేదు, తలుపేస్తే రోడ్డుమీద లారీల మోత కూడా లోపలికి రాదు. సుబ్బరామయ్య పోయిన సినిమా వంద రోజులు ఆడింది, ఎల్లుండి ఫంక్షన్, పనిచేసిన అందరికీ షీల్డులు ఇస్తారు, నాకు మాత్రం షీల్డు వద్దని ఆయనే అన్నాడు. పాపం మంచికే అన్నాడు, మా ఇంట్లో షీల్డులు పెట్టడానికి చోటులేక కౌసల్య రెండింటిని తలుపులు కొట్టుకోకుండా అడ్డం పెట్టిందని ఎవరో ఆయనకి చేరవేసినట్టున్నారు. ముప్ఫై ఏళ్లు సౌండ్ మిక్సింగ్ చేసి జనానికి వినిపించారు, ఇకనన్నా మీకోసం మీరు వినండి పరబ్రహ్మం గారూ, ఏది కావాలో మీరే ఎంచుకోండి, స్టేజీమీద నా చేతులతో ఇస్తాను అన్నాడు. నా ఎడమ చెవి పద్నాలుగేళ్ల కిందటే పోయిందని ఆయనకు తెలియదు. ఫిల్మ్ నగర్‌లో ఎవరికీ తెలియదు, కౌసల్యకి తప్ప.

ఈ గదిని చూసుకునే ఆవిడ పేరు బాలమణి. నలభై దాటి ఉంటాయి, బోరబండ నుంచి రోజూ వస్తుందట, కుండ బద్దలు కొట్టినట్టు మాట్లాడుతుంది, నాకు అలాంటివాళ్లంటే ఇష్టమూ భయమూ రెండూ ఉన్నాయి. ముందు హెడ్‌ఫోన్లు తెచ్చింది. నల్లటి పెట్టె, లోపల మఖమల్ గుడ్డ, అందులో పసిపాపని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టారు వాటిని. "సార్, గివి జర్మనీయి. పెట్టుకుంటె పక్కల బాంబు పడ్డా తెల్వది. ఇంట్ల అమ్మకు నిద్ర ఖరాబు గాదు, మీకు ఫికర్ లేదు," అంది. పెట్టుకున్నాను. మెత్తగా ఉన్నాయి, చెవుల్ని ఎవరో అరచేతులతో మూసినట్టు ఉంది. పాట మొదలైంది. వయొలిన్లు వచ్చాయి, నాలుగు, కాదు ఆరు, ఆరో వయొలిన్ కాస్త వెనకబడుతోంది, ఆ మాత్రం నాకింకా తెలుస్తుంది, తర్వాత ఏమీ లేదు, తర్వాత మళ్లీ వయొలిన్లు. ఆ మధ్య ఖాళీలో ఎడమపక్క ఎవరో ఏదో జవాబు చెప్తున్నారు, అది వీణో వేణువో నాకు తెలియదు. కళ్లు మూసుకుని తల ఊపాను. పద్నాలుగేళ్ల అలవాటు, తల ఊపడంలో నన్ను మించినవాడు లేడు. తర్వాత నాకే కడుపు మండి, సర్దుకుంటున్నట్టు నటించి వాటిని తిరగేసి పెట్టుకున్నాను. వేణువది. ఎంత బాగా వాయిస్తున్నాడో. ఇప్పుడు వయొలిన్లు పోయాయి. బాలమణి ఊరుకుంటుందా, ఒక కప్పు పక్కకి లాగి, "సార్, ఉల్టా పెట్టుకున్నరు. గీ ఎర్ర గుర్తున్నది కుడి దిక్కు రావాలె," అంది. నేను నోరు తెరిచేలోపు కౌసల్య అందుకుంది. "ఆయనకి అలా కూడా విని చూడటం అలవాటమ్మా. పెద్ద ఇంజనీర్లు రెండువైపులా పరీక్ష చేస్తారు," అంది. ఎంత నున్నగా చెప్పిందో, నిమిషంపాటు నేనే నమ్మాను.

హెడ్‌ఫోన్లంటే నాకు సరిపడదు, నిజం చెప్పాలంటే అసహ్యం, పోయింది వాటివల్లే అనలేను కానీ అవి తలమీద ఉన్నప్పుడే పోయింది. ఎనభైమూడు, ఎండాకాలం. అప్పట్లో ఫిల్మ్ నగర్ అంటే బండలే, ఎక్కడో ఒక ఆఫీసూ ఒక షెడ్డూ, మిగతాది కొండ. పగలూ ప్రతీకారాల సినిమా ఒకటి చేస్తున్నాం, దాంట్లో తుపాకీ పేలితే ఆ మోత స్టూడియో బీరువాలో ఉన్న పాత టేపునుంచి తీసి వేద్దామన్నారు. నాకు ఒళ్లు మండింది. పదిహేనేళ్లుగా ప్రతి సినిమాలో అదే తుపాకీ, విలన్ మారినా మోత మారదు, నేను మాత్రం బండలమధ్య నిజంగా పేల్చి ఆ మోత తిరిగిరావడం పట్టుకుంటానన్నాను. పట్టుకున్నాను కూడా. తుపాకీ పట్టుకున్నాయన నాకు ఎడమపక్కనే నిలబడ్డాడు, గుండు లేదు, ఉత్త మందే. వెనకనుంచి ఎవరో పిలిచినట్టయి, ఏమిటో విందామని ఎడమ కప్పు పైకి జరపడానికి చెయ్యెత్తాను. నేను చెయ్యెత్తడమే పేల్చమని గుర్తు. ఆయన తప్పేం లేదు, నేనే చెప్పాను అలా అని. నెలరోజులు చెవిలో ఈల మోగింది, తర్వాత ఈల కూడా పోయింది. బంజారాహిల్స్‌లో డాక్టరు ఒకాయన చూసి, ఒక చెవితో హాయిగా బతకొచ్చు, మీరేం చేస్తుంటారు అని అడిగాడు. బట్టల వ్యాపారం అన్నాను. ఆ సినిమా రిలీజైనప్పుడు తుపాకీ పేలితే హాల్లో ముందు వరసవాళ్లు తలలు వంచేశారు, నేను వెనకగోడకి ఆనుకుని చూశాను, అంత సంతోషం నా జన్మలో మరి లేదు, అంత దిగులూ లేదు.

చెప్పేయవలసింది అప్పుడే. చెప్తే ఏమవుతుందో తెలుసు కాబట్టి చెప్పలేదు, సౌండు మనిషికి చెవిపోయిందంటే మర్నాటికల్లా మద్రాసుదాకా పాకుతుంది. పైగా అవసరం రాలేదు. అప్పుడు సినిమా అంతా ఒకే స్పీకరు, తెర మధ్యలో వెనకాల, మాటా పాటా వానా ఉరుమూ అన్నీ ఒకే చోటునుంచి వస్తాయి, వాటిలో ఏది ఎక్కువో ఏది తక్కువో చూసుకోవడమే నా పని, దానికి ఒక చెవి చాలు. కుడి చెవి తెరకి ఎదురుగా ఉండాలని మిక్సింగ్ థియేటర్‌లో నా కుర్చీని ఎడమకి ఏటవాలుగా తిప్పి, మూరెడు అటే జరుపుకున్నాను. అంతే, నేను చేసింది అంతే. ఆ సినిమా ఇరవైఐదు వారాలు ఆడింది. తర్వాత సినిమాకి ఎవరో గది ఊడుస్తూ కుర్చీని తిన్నగా పెట్టేశారు, నాకు ఒంట్లో బాగోక ఇంకొకాయన మిక్సింగ్ చేశాడు, అది మూడో రోజుకే ఎత్తేశారు. మూడోదానికి నేను మళ్లీ తిప్పుకున్నాను, అది ఆడింది. ఇంకేముంది, థియేటర్ ఓనరు చలపతిరావు గారు పూజారిని పిలిపించి, కొబ్బరికాయ కొట్టించి, ఆ కుర్చీకి ఆ ఏటవాలులోనే నాలుగు బోల్టులు వేయించి నేలకి బిగించేశారు. ఇక ఆ థియేటర్‌లో ఎవడు మిక్సింగ్ చేసినా అక్కడే అలాగే కూర్చోవాలి. సెంటిమెంటు. ముహూర్తానికి ఎవరు క్లాప్ కొట్టాలి, సినిమా పేరులో ఎన్ని అక్షరాలుండాలి, అలాగే ఇదీ. ఊళ్లో మిగతా రెండు థియేటర్లలో కూడా కుర్చీలు తిరిగాయని విన్నాను. మొదట్లో నేనూ కౌసల్యా రాత్రి అన్నాల దగ్గర కూర్చుని పొట్టపట్టుకు నవ్వుకున్నాం. తర్వాత నవ్వడం మానేశాను. ఆ తర్వాత, సిగ్గు విడిచి చెప్తున్నాను, నేనూ నమ్మడం మొదలుపెట్టాను.

కౌసల్య ఇప్పుడు నా ఎడమపక్క కూర్చుంది. ఎప్పుడూ అక్కడే. పెళ్లిళ్లకి వెళ్లినా ప్రివ్యూలకి వెళ్లినా ఎడమపక్క సీటు ఆవిడది, ఆ పక్కనుంచి నన్నెవరైనా పలకరిస్తే నాకు వినపడదు గనక ఆవిడే జవాబు చెప్తుంది, ప్రశ్న నన్నడిగిందైనా సరే, పని విషయమైనా సరే. పరబ్రహ్మం గారి భార్య ఆయన్ని నోరెత్తనివ్వదు అని పేరు. మగాళ్ల మాటల్లో దూరుతుంది అని పేరు. ఒకసారి ఒక హీరోగారి తల్లి మొహంమీదే అంది, ఆయన్ని కూడా కాస్త మాట్లాడనివ్వమ్మా అని. కౌసల్య నవ్వేసి ఇంటికొచ్చి కూర పోపు మాడ్చేసింది. మా పెళ్లయిన కొత్తలో ఈ మనిషి గట్టిగా మాట్లాడితే వినాలని నేను ఎదురుచూసేవాణ్ని. మాటలు తక్కువ, పాటలంటే ప్రాణం, వంటింట్లో రేడియో పొద్దున్నుంచి మోగుతూనే ఉండేది. చెవి పోయిన తర్వాత నాకు ఇంట్లో పాట వినపడితే చిరాకు, సగం వినడం కంటే అసలు వినకపోతే నయం అనిపించేది, ఒకరోజు విసురుగా రేడియో కట్టేశాను, మర్నాడు చూస్తే అది అటకమీద ఉంది. దింపమని నేనూ అనలేదు, ఆవిడా అడగలేదు. పక్కింటి సీతామహాలక్ష్మి గారింట్లో టేప్‌రికార్డర్ మోగితే గిన్నెలు తోముతున్న చేతులు ఆపి వినేది, ఈలోపు నేను ఏదో పిలిచేవాణ్ని. ఇప్పుడు ఆవిడ నా కుడిపక్కకి వంగి, "హెడ్‌ఫోన్లే తీసుకోండి. ఎంత సౌండు పెట్టుకున్నా ఎవరికీ తెలియదు," అని గుసగుసలాడింది. తనకి ఏం కావాలో చెప్పలేదు, నేనూ అడగలేదు, నాకు ఇంకెప్పుడు బుద్ధొస్తుందో తెలియదు.

వెంకటరామయ్య నా దగ్గర చేరి పన్నెండేళ్లయింది. రహమత్ నగర్‌లో అద్దెకుంటాడు, భార్య నాగేశ్వరి కుట్టుపని చేస్తుంది, మనిషి పిల్లిలా వచ్చి పిల్లిలా పోతాడు, కానీ చెవులున్నాయే, అవి చెవులు. ఏ రీల్లో ఎక్కడ పాలవాడి సైకిల్ గంట పొరపాటున పడిందో ఒక్కసారి విని చెప్తాడు. స్టీరియో వచ్చింది. మద్రాసులో వచ్చింది, తర్వాత ఇక్కడా వచ్చింది, హాల్లో ఎడమపక్క వేరే, కుడిపక్క వేరే, చలపతిరావు గారు పాత మెషీన్లన్నీ పీకించి కొత్తవి పెట్టించారు, స్పీకర్లు మార్చారు, గోడలు మార్చారు, తివాచీ మార్చారు, కుర్చీ మాత్రం ముట్టుకోలేదు. నేను నడుం నొప్పి అని తప్పుకున్నాను. నడుం బాగానే ఉంది. సుబ్బరామయ్య కొత్త సినిమా వెంకటరామయ్యకి ఇప్పించాను, పదిరోజులు ఆ ఏటవాలు కుర్చీలో కూర్చుని చేశాడు. పోయిన గురువారం సాయంత్రం నాకు ఫోన్ చేసి పిలిచాడు. "గురువుగారూ, ఏదో తేడాగా ఉందండీ. మాట ఒక పక్కకి లాగుతున్నట్టుంది. ఒక్కసారి లేచి మధ్యలో నిలబడి విందామా?" అన్నాడు. నేను విన్నాను. నాకు ఏ తేడా తెలియలేదు, ఎలా తెలుస్తుంది. తెలియడంలేదని ఒప్పుకోవాలిగా, ఒప్పుకోకుండా, "పదేళ్లు హిట్లిచ్చిన కుర్చీరా అది, నీ పిచ్చి అనుమానాలు పక్కనపెట్టి ఫైనల్ టేపులోకి దించేయ్," అన్నాను. దించేశాడు. తన చెవులు కాదని నా మాట నమ్మాడు. శనివారం పెద్ద హాల్లో, సినిమా కొనడానికొచ్చిన బయ్యర్లకి వేశారు. డైలాగంతా కుడిపక్కకి పోయింది. ఎడమపక్క కూర్చున్న బయ్యర్లు, అందులోనూ నెల్లూరు నుంచి వచ్చిన పెద్దాయన, లేచి నిలబడి ఏం మాట్లాడుతున్నార్రా మీ హీరో హీరోయిన్లు అని కేకలేశారు. సుబ్బరామయ్య మొహం మాడిపోయింది. మీ శిష్యుడికి చెవి లేదండీ, మద్రాసు నుంచి వేరే మనిషిని పిలిపిస్తున్నాను అన్నాడు నాతో, అందరిముందూ. నేను అక్కడే ఉన్నాను. వెంకటరామయ్య నావైపు చూడను కూడా చూడలేదు, గురువుగారికి వినిపించాకే దించాను అని ఒక్క ముక్క అనలేదు. నేనూ అనలేదు. శని, ఆది, సోమ, ఇవాళ మంగళవారం.

హెడ్‌ఫోన్లు పెట్టెలో పెట్టేసి బాలమణి స్పీకర్ల దగ్గరికి పోయింది. నిలువెత్తు చెక్కపెట్టెలు రెండు, ఎడంగా, మధ్యలో ఖాళీ గోడ. నేను నా అలవాటున కుర్చీ తిప్పుకుని ఎడమకి జరిగాను. "గట్ల కాదు సార్. జర సీదా కూసోండి, నడుమ. గట్ల తిప్పుకుంటె పాట చెడిపోతది," అంది. నేను కదల్లేదు. ఆవిడ నన్ను వదిలేసి కౌసల్య కుర్చీని నడిమధ్యలోకి లాగి కూర్చోబెట్టింది. ఎవరో మగాయన ఒక్కడే పాడుతున్నాడు, వెనకాల తంబురా. "అమ్మా, మీరు చెప్పుండ్రి. పాడేటాయన ఏడ నిలబడ్డడు?" అంది. కౌసల్య వేలెత్తి రెండు పెట్టెలకీ మధ్య ఖాళీ గోడని చూపించింది. అక్కడేమీ లేదు. నేను తేరిపార చూశాను, గోడే, తివాచీయే, నాకు పాట ఈ గదిలో ఎక్కడో ఉంది, ఎక్కడుందో తెలియదు. కౌసల్య కళ్లు మాత్రం ఆ గోడమీదే నిలిచిపోయాయి, అక్కడ నిజంగా ఒక మనిషి నిలబడి తన మొహంలోకి చూస్తూ పాడుతున్నట్టు, కాస్త సిగ్గుపడుతున్నట్టు కూడా ఉంది. ఆ మనిషి నాకు లేడు. పద్నాలుగేళ్లుగా లేడు. ఎడమా కుడీ అంటే రెండు మోతలనుకున్నాను గానీ ఆ రెండూ కలిస్తే మధ్యలో ఒక మనిషి లేచి నిలబడతాడని నాకెవరూ చెప్పలేదు, అడిగితేగా చెప్పడానికి.

అప్పుడు నేను లేచాను. "కౌసల్యా, ఇలా జరుగు," అని ఆవిడ కుర్చీని నేనే ఏటవాలుగా తిప్పి మూరెడు ఎడమకి జరిపాను, సరిగ్గా ఆ బోల్టుల కుర్చీ ఉన్నట్టు. ఇప్పుడెక్కడున్నాడు అని అడిగాను. ఆవిడ వేలు ఎడమపెట్టెవైపు పోయింది. "అటు పోయాడండీ. ఆ పెట్టెలో దూరాడు," అంది. చాలు. వెంకటరామయ్య పదిరోజులు అలాగే కూర్చున్నాడు. మాట ఎడమ పెట్టెలోకి పోతుంటే, మధ్యకి తేవాలని కుడిపక్కకి నెట్టాడు, ఇంకా నెట్టాడు, వాడు చేసింది సరైన పనే, కుర్చీ ఉన్నచోటే తప్పు. నెట్టి నెట్టి డైలాగంతా కుడిపక్కకి తెచ్చాడు, నాకు చెవి ఉన్నది ఆ పక్కేగా, బాగుందనక నేనేం చేస్తాను. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. కౌసల్య నా మొహం చూసి ఏమిటండీ అంది, గురువారం సంగతి ఆవిడకి నేను చెప్పలేదు, వాడు నన్ను అడిగాడని, నేను కసిరానని. బాలమణి టీ తెస్తానని కిందికి వెళ్లింది, అప్పుడు చెప్పాను. కౌసల్య, "ఆ నాగేశ్వరి నిన్న గుళ్లో కనపడింది. పలకరిస్తే మొహం తిప్పుకుంది. ఎందుకో అనుకున్నాను," అంది.

పదకొండుకి పది నిమిషాలుంది. ఇప్పుడు అటూ ఇటూ లేదు, చెప్పాలి. ఇంకో దారి లేకపోలేదు, దారులకేం, బోలెడున్నాయి, మద్రాసు మనిషి వచ్చి కుర్చీ తిన్నగా వేయించుకుని మళ్లీ మిక్సింగ్ చేస్తాడు, సినిమా ఆడుతుంది, వెంకటరామయ్య టీవీ సీరియళ్లలో ఎక్కడో కుదురుకుంటాడు, నేను స్టేజీమీద ఈ నల్లపెట్టె అందుకుని ఫొటోకి నవ్వుతాను, ఇంటికెళ్లి తలకి తగిలించుకుని సగం పాట వింటూ తల ఊపుతాను, కౌసల్య పక్కగదిలో నిశ్శబ్దంలో బియ్యం ఏరుకుంటుంది. చక్కగా జరిగిపోతుంది. యాభయ్యారేళ్లొచ్చాయి నాకు, ఇంకో పదేళ్లు ఇలాగే లాగొచ్చు. లాగను. చెవి పోవడం తప్పు కాదు, దాచడం కూడా ఏదో పొట్టకూటికి అనుకోవచ్చు, గురువారం సాయంత్రం వాడు సరిగ్గా విన్నదాన్ని తప్పని నేనన్నానే, అది మాత్రం దేనికింద సర్దుకోను. ఎలా చెప్పాలా అని మాటలు పేర్చుకున్నాను, అన్నీ అతుకుల్లా ఉన్నాయి, ముప్ఫై ఏళ్లు పక్కవాళ్ల డైలాగులు సరిచేసినవాణ్ని, నా డైలాగు నాకు దొరకలేదు. దొరక్కపోతే పోయింది, ఉన్నదున్నట్టు చెప్తాను.

సరిగ్గా పదకొండుకి తలుపు తోసుకుని వచ్చాడు సుబ్బరామయ్య, తెల్లబట్టలు, ఒంటినిండా సెంటువాసన. వచ్చి నా ఎడమపక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఏదో అన్నాడు, పెదవులు కదిలాయి. కౌసల్య జవాబు చెప్పబోతూ నోరు తెరిచింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇటువైపు వచ్చి కూర్చోండి సుబ్బరామయ్య గారూ. ఎడమ చెవి నాకు వినపడదు."

ఆయన నవ్వాడు. తర్వాత కౌసల్యవైపు చూశాడు, ఆవిడ ఏమైనా అంటుందేమోనని. కౌసల్య ఏమీ అనలేదు. ఆయన లేచి కుడిపక్కకి వచ్చి కూర్చున్నాడు. నేను మొత్తం చెప్పాను, తుపాకీ, కుర్చీ, బోల్టులు, నడుం నొప్పి, గురువారం. ఎక్కడా ఆగలేదు, ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. విన్నంతసేపూ ఆయన తన ఉంగరం తిప్పుకుంటూ కూర్చున్నాడు. అయిపోయాక లేచివెళ్లి తలుపు గట్టిగా మూసి వచ్చాడు.

"ఈ మాట ఈ గదిలోనే ఉండనివ్వండి పరబ్రహ్మం గారూ. కుర్చీ నేను ఏదో వాస్తు అని చెప్పి మార్పిస్తాను. వెంకటరామయ్యకి ఎక్కడో ఓ చోట చూద్దాం, వాడు మంచివాడు, ఎలాగూ నోరెత్తడు."

"అందుకే నేను ఎత్తాలండీ. మద్రాసు మనిషిని రావద్దనండి. కుర్చీ తిన్నగా వేసి అదే సినిమా వెంకటరామయ్యకే ఇవ్వండి. కుదరకపోతే ఎల్లుండి స్టేజీమీద మైకు నా చేతికొస్తుంది, అక్కడ చెప్తాను."

ఆయన నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. కోపం వచ్చిందో జాలి వేసిందో నాకు తెలియలేదు, రెండూ అయ్యుండొచ్చు. కాసేపటికి, "వాస్తు అని చెప్పకుండా కుర్చీ తీస్తే చలపతిరావు గారు ఊరుకోరు," అన్నాడు నీరసంగా. అంటే మిగతాదానికి ఒప్పుకున్నట్టే. మూలబల్లమీద ఫోన్ ఉంది. మిక్సింగ్ థియేటర్ నంబరు తిప్పాను, కుడి చెవికి ఆనించుకున్నాను. ఎవరో ఎత్తి వెంకటరామయ్యని పిలిచారు, తన సామాను సర్దుకుంటున్నాడట. ఏమిటండీ గురువుగారూ అన్నాడు, ఎప్పటి గొంతే, ఎప్పటి మర్యాదే. వాడికీ అదే చెప్పాను, ఈసారి ఇంకా తక్కువ మాటల్లో.

"నా చెవులే పోయాయనుకున్నానండీ," అన్నాడు. "నిన్న డాక్టరు దగ్గరికెళ్లి పరీక్ష చేయించుకొచ్చాను. రెండూ బాగున్నాయన్నారు. అయినా నమ్మలేదు. మీరు బాగుందన్నారు కదా, డాక్టరే పొరబడ్డాడేమో అనుకున్నాను."

క్షమించు అనబోయాను, ఆ మాటకి ఇంత బరువు మోసే బలం లేదనిపించి ఆగాను.

"ఇక్కడ అందరూ ఉన్నారండీ," అన్నాడు మళ్లీ. గొంతు మారింది, పన్నెండేళ్లలో నేనెప్పుడూ వినని గొంతు. "చలపతిరావు గారూ ఉన్నారు. ఫోన్లో నాకు చెప్తే ఏం లాభమండీ. వచ్చి వీళ్లముందు చెప్పండి."

"వస్తున్నాను," అన్నాను.

ఫోన్ పెట్టేశాను. సుబ్బరామయ్య కారు తీసుకెళ్లమన్నాడు, తను రానన్నాడు, రాకపోతే మానె. బాలమణి టీ కప్పులతో వచ్చి గుమ్మంలో నిలబడి అందరి మొహాలూ చూస్తోంది. స్పీకర్లే రాసుకో తల్లీ అన్నాను ఆవిడతో. కౌసల్యా పద అన్నాను, అలవాటుగా కాస్త ఆగాను, ఆవిడ వచ్చి ఎడమపక్కకి చేరడానికి.

"నేను రానండీ," అంది కౌసల్య. "అక్కడ మీరే మాట్లాడాలి." తన కుర్చీని తనే తిన్నగా జరుపుకుంది, రెండు పెట్టెల నడిమధ్యకి, చీర సర్దుకుని కూర్చుంది. "ఆ పాట మొదటినుంచీ పెట్టమ్మా. ఈయన వచ్చేదాకా వింటాను."

నేనొక్కణ్నే తలుపు తెరుచుకుని మెట్లు దిగాను.